బాటసారి గుడారము: దాని బరువు చరిత్ర



కాలినడకను దూరము పోవువానికి మూడు వస్తువులు ముఖ్యముగ కావలయును. త్రోవలో తినుటకు గ్రాసము, త్రాగుటకు నీరు, రాత్రి తలదాచుకొనుటకు నీడ. మొదటి రెండును ఊరూర దొరకును. మూడవది ఊళ్లు దగ్గఱగ నున్నచోట సత్రములోనో, గుడిమంటపములోనో, పుణ్యాత్ముల అరుగుమీదనో లభించును. కాని ఊరికిని ఊరికిని నడుమ అడవి విస్తరించియున్నచోట లభింపదు. అట్టిచోట బాటసారి తన నీడను తానే వెంట గొనిపోవలయును. గొనిపోవలసిన వస్తువనగనే దాని బరువెంత, దానిని మోయువాడెవడు అను ప్రశ్నలు పుట్టును. గుడారముల చరిత్ర యంతయు ఈ రెండు ప్రశ్నలకు లోకము చెప్పుకొన్న సమాధానమే. ఆ చరిత్రను మన కరీంనగరు, ఆదిలాబాదు సీమల ననుసరించి నేడు విచారింతము.

ఈ విచారమునకు మన సీమ తగినది. 2016వ సంవత్సరమున ఈ రెండు జిల్లాలు పెక్కు జిల్లాలుగా విభజింపబడినవి గాని, నేల మాత్రము మారలేదు. నడుమ గోదావరి పాఱుచున్నది. నదికి దక్షిణమున చెఱువులు, వరిపొలములు, దగ్గఱ దగ్గఱగ ఊళ్లు. నదికి ఉత్తరమున టేకువనములు, కనుమలు, నల్లరేగడి నేలలు. వర్షాకాలమున వాగులు పొంగి దారులు తెగును. చలికాలపు రాత్రులందు ఆదిలాబాదు ప్రాంతమున చలి 5 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగువకు దిగిన సందర్భములు గలవు. ఇట్టిచోట నీడ లేని బాటసారికి ప్రాణభయమే.

మనదేశమున ఈ కష్టమును మొదట గుర్తెఱిగినవారిలో బౌద్ధభిక్షువులొకరు. వారు నిత్యసంచారులు. అయినను వానకాలమున మూడు మాసములు సంచారము మాని ఒకచోట నిలువవలయునని వారి నియమము. దీనినే వస్సావాసమందురు. మన సీమలోని ధూళికట్టయందు క్రీస్తునకు పూర్వపుదైన బౌద్ధస్తూపము బయల్పడినది. అట్టి స్థలములకు వచ్చిపోయిన భిక్షువులకు గుడారములతో పనిలేదు. వాన వచ్చిన నిలుచుట, వాన వెలసిన నడచుట, ఇదియే వారి యుపాయము. గుడారమును తేలికచేయు మార్గములలో దానిని అసలే తీసికొనిపోకుండుట మొదటిది. కాని ఇది కాలము తన చేతిలోనున్న సన్యాసికి చెల్లును. వర్తకునకును, సైనికునకును, గొఱ్ఱెలకాపరికిని చెల్లదు.

ఇక రాజుల సంగతి. సంస్కృతమున పటకుటీరమనియు, తెలుగున గుడారమనియు పిలుచు వస్తువునకు తరువాతి కాలమున డేరా, రావటి, కనాతు, షామియానా అను పేర్లు మన వాడుకలో చేరినవి. నడుమ దూలము వేసి ఇరుప్రక్కల వాలుగా గుడ్డ దింపినది రావటి. చుట్టును గోడవలె నిలిపెడు గుడ్డ కనాతు. కొయ్యలమీద చదునుగా పఱచిన పైకప్పు షామియానా. ఈ పేర్లు పెక్కు దండు విడిదులతో వచ్చినవే. అక్బరు పాదుషా విడిది నొకచోటినుండి యొకచోటికి తరలించుటకు 100 ఏనుగులు, 500 ఒంటెలు, 400 బండ్లు, 100 మంది మోతగాండ్రు కావలసియుండెనని ఆయన మంత్రి అబుల్ ఫజలు అయినీ అక్బరీ గ్రంథమున లెక్క వ్రాసినాడు. డేరాలు నిలుపు ఫరాషులే వేయిమంది. పాదుషా ఒక మజిలీలో నిద్రించుచుండగనే రెండవ జత డేరాలు ముందు మజిలీకి పోయి నిలువబడి యుండెడివి. పాదుషా భుజముమీద ఒక త్రాటి ముక్కయైన పడలేదు. కనుక డేరా బరువు తగ్గింపవలయునను ఆలోచన ఆయనకు గాని, ఆయన కొలువునకు గాని పుట్టుటకు కారణమే లేదు. బరువు ఎంత పెరిగిన అంత వైభవము.

అదే కాలమున అవే దారులలో వేఱొక జాతివారు గుడారములతో తిరుగుచుండిరి. వారు మన లంబాడీలు, అనగా బంజారాలు. పదునేడవ శతాబ్దమున గోలకొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రవర్తకుడు టావెర్నియే వారిని చూచి వ్రాసినాడు. ధాన్యము, బియ్యము, పప్పులు, ఉప్పు ఎడ్లమీద వేసికొని దేశదేశముల తిరుగుదురనియు, ఇండ్లు లేవనియు, డేరాలలోనే కాపురమనియు తెలిపినాడు. వారి విడిది నేర్పు గమనింపదగినది. ఎడ్లమీదినుండి దింపిన గోనెసంచులనే వరుసగా పేర్చి గోడచేసి, దానిమీద గుడ్డ కప్పుకొనువారు. గోడకై వేఱుగ బరువు మోయనక్కఱలేదు. అమ్మవలసిన సరకే రాత్రి ఇల్లగును, తెల్లవారిన మరల సరకగును. పాదుషాకు తెలియనిది బంజారాకు తెలిసినది. ఏలన, గుడారమునకొక ఎద్దు కేటాయించిన ఆ ఎద్దుమీది ఉప్పు లాభము పోవును. పక్కా దారులు, పిదప రైళ్లు వచ్చి ఆ వర్తకమును మ్రింగినవి. 1929 నాటికి కాజీపేట బల్లార్షాల నడుమ రైలుదారి పెద్దపల్లి, మంచిర్యాలల మీదుగ పూర్తియైనది. అంతకు ముందే తాండాలు నేలకంటుకొని సేద్యములోనికి దిగుచుండెను.

మన సీమలో అన్నిటికంటె తేలికయైన గుడారము మాత్రము డేరా పేర నెన్నడును పిలువబడలేదు. అది కురుమలు నేసెడు గొంగడి. దక్కనీ గొఱ్ఱెల నల్లని ఉన్నిని కత్తిరించి, ఏకి, ఆడవారు వడుకగా, మగవారు మగ్గముమీద నేయుదురు. నూలునకు చింతగింజల గంజి పట్టింతురు. ఉన్నిలో సహజముగనున్న జిడ్డు, ఈ గంజి, దట్టమైన నేత, మూడును కూడి వాననీటిని చాలసేపు లోనికి రానీయవు. తడిసిన పిదపను ఉన్ని వెచ్చదనము నిలుపును. నూలుగుడ్డకీ గుణము లేదు.

గొంగడి గొప్పతనమిది. ఎండలో నెత్తిమీది మడతయగును. వానలో కొప్పెరవలె తలనుండి మోకాళ్లదాక కప్పును. రాత్రి సగము పఱపు, సగము దుప్పటి. నాలుగు కఱ్ఱలు పాతి పైన వేసిన పసిపిల్లకో, అప్పుడే ఈనిన గొఱ్ఱెకో గుడిసె. సంతలో కూర్చుండుటకు ఆసనము. పచ్చిక వెదకుచు మందతో నెలల తరబడి వలసపోవు కాపరి వేఱు డేరా మోయడు. కట్టుకొని నడచెడు వస్తువునకు బరువు తెలియదు. దీని లోపమును కూడ చెప్పవలయును. రెండు మూడు దినములు ముసురు పట్టిన గొంగడి నీరుపీల్చి బరువెక్కును, ఆఱుటకు ఎండ కావలయును. చీడ పట్టకుండ కాపాడుకొనవలయును. అయినను ఒక వస్తువు నాలుగు పనులు చేసిన నాలుగు వస్తువుల బరువు తప్పునను సూత్రము మన కురుమల మగ్గముమీద ఎన్నడో తేలినది.

ఇప్పుడు యాత్రికుల త్రోవకు వత్తము. మదరాసు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన కాశీకి బయలుదేరిరి. సుమారు 100 మంది పరివారము, పల్లకి, బోయీలు, డేరాలు, సామగ్రి. హైదరాబాదునుండి ఉత్తరముగ నడచి, గోదావరి దాటి, నిర్మల, ఆదిలాబాదుల మీదుగ నాగపురము చేరిరి. అది వర్షర్తువు. కాశీనుండి తిరిగి 1831 సెప్టెంబరు 3వ తేదీన మదరాసు చేరిరి. ఆయన వ్రాతలు 1838లో కాశీయాత్రచరిత్రయను పేర అచ్చుపడినవి. ఏ మజిలీకి ఏ మజిలీ ఎంత దూరమో, ఎక్కడ అంగళ్లున్నవో, ఎక్కడ నీరు మంచిదో, ఎక్కడ దిగుటకు వసతి గలదో ఓపికగా వ్రాసిన పుస్తకమది. ఆ నాటి మన దారుల స్థితి తెలియగోరువారికి ఇంతకంటె మేలైన సాక్ష్యము అరుదు. ఆయన దయగల యజమాని. అయినను ఆ డేరాలను నిర్మల కనుమల బురదలో మోసినవారి పేర్లు మనకు తెలియవు.

అదే నాగపురపు దారిలో అంతకు 7 సంవత్సరములు ముందు ఒక ఆంగ్లేయుడు మరణించెను. ఆయన విలియం లాంబ్టన్. భూమిని త్రిభుజములుగా కొలుచు మహాసర్వేకు ఆద్యుడు. హైదరాబాదునుండి నాగపురమునకు తరలిపోవుచు 1823 జనవరి 20వ తేదీన వార్ధా సమీపమున హింగన్‌ఘాట్‌లో కన్నుమూసినాడు. ఆయన సమాధి అక్కడనే యున్నది. కోణములు కొలుచు ఆయన యంత్రమొక్కటియే అర టన్ను బరువు. దానిని కొండశిఖరములకు ఎత్తించుటకు, దానికి నీడగ డేరా నిలుపుటకు ఎందఱు కూలీలు కావలసివచ్చిరో ఊహింపవచ్చును. శాస్త్రము పెరిగినది, దేశపటము సిద్ధమైనది. కూలి భుజము మాత్రము చరిత్రలో కనబడలేదు.

ఈ కనబడని భుజము సంగతి మన సీమలో పెద్దకథ. నిజాము రాజ్యమున తాలూక్‌దారు, తహసీల్దారు, అమీనులు దౌరా వచ్చినపుడు ఊరి బయట తోపులో డేరాలు పడెడివి. డేరా మూటలు దింపుట, గూటములు కొట్టుట, నీళ్లు తోడుట, కట్టెలు కొట్టుట, మరునాడు మూటలను తరువాతి ఊరిదాక మోయుట, ఇవన్నియు మాల మాదిగలమీదను, చాకలి, కుమ్మరి మొదలగు వృత్తులవారిమీదను పడినవి. దీనికి కూలి లేదు. ఇదియే వెట్టి. రైతు బండి సైతము విత్తనము వేళ దౌరాకు పోవలసివచ్చెడిది. మందముగ నేసిన నూలు డేరా వాన తడిసిన రెట్టింపు బరువగును. ఆ రెట్టింపు బరువు హుకుము వ్రాసినవానికి తెలియదు, ఎత్తినవానికి తెలియును.

ఈ అన్యాయమునకు వ్యతిరేకముగ 1921లో హైదరాబాదున ఏర్పడిన ఆంధ్రజనసంఘము ప్రచారము సాగించినది. దానినుండియే ఆంధ్రమహాసభ పుట్టినది. 1930లో జోగిపేటలో ప్రథమ మహాసభ జరుగగా, నాల్గవ మహాసభ 1935లో మన సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతను జరిగినది. వెట్టిచాకిరి నిర్మూలనము ఆ ఉద్యమపు ముఖ్యమైన కోరికలలో నొకటి. దౌరా డేరా మోయుట మా పని కాదు అని ఊరివాడు చెప్పగల్గిన దినమున గుడారముల చరిత్రలో ఒక అధ్యాయము ముగిసినది. కంపెనీలు కనిపెట్టిన యే గుడ్డయు ఆ పని చేయలేదు.

1940లో జోడేఘాట్ కొండలలో కొమురం భీము వీరమరణము పొందిన తరువాత, గోండుల కష్టములను విచారించుటకు నిజాము ప్రభుత్వము ఆస్ట్రియా దేశస్థుడగు హైమన్‌డార్ఫ్ పండితుని నియమించినది. దౌరా అధికారులవలె ఊరిబయట డేరాలో దిగి వెళ్లిపోక, ఆయనయు, భార్య బెట్టీ ఎలిజబెత్తును మార్లవాయి గ్రామమున నివసించి, గోండుల భాషను, ఆచారములను నేర్చుకొనిరి. 1943లో అక్కడ ఉపాధ్యాయ శిక్షణకేంద్రము నెలకొన్నది. వారిరువురి సమాధులును నేడు ఆ గ్రామమునందే యున్నవి. ప్రజలను తెలిసికొనగోరువాడు డేరాను మడిచి ఇల్లు కట్టుకొనవలయునని దీనివలన నేర్వవచ్చును.

తేలిక గుడారము యూరోపు దేశములందును ఇట్లే పుట్టినది. లండను నగరమున థామస్ హైరం హోల్డింగ్ అను దర్జీ యుండెను. ఆయనకు సైకిలుమీద సామాను వేసికొని తిరుగుట వేడుక. కూలీలు లేరు, గుఱ్ఱము లేదు. తన కాళ్లే బరువు లాగవలయును. కనుక పలుచని గుడ్డతో, చిన్న కఱ్ఱలతో గుడారము తానే కుట్టుకొన్నాడు. 1901లో సైకిలు యాత్రికుల సంఘము స్థాపించి, 1908లో గుడారవాసుల కొఱకు గ్రంథము ప్రకటించెను. బరువును తానే లాగువాడును, గుడ్డ గుణము తెలిసిన దర్జీయు ఒక్కడే యగుటచే ఆ పని సిద్ధించెను. పిదప 1935లో అమెరికాలో కరోథర్స్ అను రసాయనశాస్త్రజ్ఞుడు నైలాను కనిపెట్టెను. 1941లో ఇంగ్లండున పాలియెస్టరు వచ్చెను. ఈ నూళ్లు నీరు అంతగ పీల్చవు, మురుగవు, సన్నముగనున్నను సులభముగ తెగవు. పూర్వము ఎద్దు మోసిన గుడారము నేడు ఒక్క మనుష్యునకు సరిపడు కొలతలో ఒకటి రెండు కిలోల బరువునకు దిగినది. మన సిరిసిల్ల మరమగ్గములమీద పాలియెస్టరు గుడ్డ నేయుచుండుట మీరెఱిగినదే.

నేడును మన యువకులు కాలినడకను దూరము పోవుచున్నారు. హనుమజ్జయంతికి దీక్షాపరులు కొండగట్టునకు నడచుచున్నారు. మేడారము జాతరకు కుటుంబములు పోయి అడవిలో గుడారములు వేసికొనుచున్నవి. కొందఱు కుంతాల జలపాతము వైపు వినోదముగ నడచుచున్నారు. వారు మిమ్ముల నడిగిన, పై చరిత్రనుండి ఈ మాటలు చెప్పవచ్చును.

మొదటిది, గుడారము కొనుటకు ముందు దానిని భుజమున వేసికొని ఒక కోసెడు దూరము నడువవలయును. అంగడిలో తేలికైనది ఐదవ మైలులో బరువగును. మొత్తము మూట తన శరీరపు బరువులో ఐదవవంతు మించకుండుట మేలు.

రెండవది, ఋతువును చూడవలయును. వేసవిలో దోమలకు వల, పైన నీడ చాలును. వానలో పైకప్పు నేలదాక దిగవలయును. చలికాలమున గాలియే ఆడకుండ మూసికొన్న, మన ఊపిరి తేమయే లోపల గుడ్డకు పట్టి తెల్లవారునప్పటికి పక్కను తడుపును. కనుక లోపలి గుడ్డకును పైకప్పునకును నడుమ ఎడముండి, గాలి పోవుటకు సందుండవలయును.

మూడవది, నేలను చూడవలయును. నల్లరేగడిలో వాన కురిసిన గూటము నిలువదు. త్రాటిని చెట్టు మొదలునకో, పెద్ద ఱాతికో కట్టవలయును. ఎండిన వాగులో ఇసుక మెత్తగ నున్నదని ఎన్నడును దిగరాదు. పైన ఎక్కడనో కురిసిన వాన అర్ధరాత్రి వచ్చి ఈడ్చుకొని పోవును. ఎండుకొమ్మల క్రిందను, తేనెపట్టు క్రిందను దిగరాదు. 2012లో ఏర్పడిన కవ్వాలు పులుల రక్షితారణ్యమున అటవీశాఖ యనుమతి లేనిదే రాత్రి నిలువరాదు.

నాల్గవది, ఒకటి పెక్కు పనులు చేయు వస్తువును కోరవలయును. నేడు రైతులు వడ్లమీద కప్పుచున్న తాటిపత్రి ఇట్టిదే. వెల తక్కువ, నీరు పీల్చదు, మడిచిన చిన్నమూట. గొంగడి స్థానమున ఇది వచ్చుటకు కారణమీ గుణములే. అది న్యాయమే. కాని తాటిపత్రి చలి కాయదు, ఎండకు రెండు మూడేండ్లలో చిట్లి పొలమునిండ ముక్కలగును. గొంగడి తరము నడచును. నేతగాని కొడుకు మగ్గము దిగుచున్న ఈ కాలమున ఆ నేర్పు ఒకసారి పోయిన పుస్తకము చదివి తిరిగి నేర్చుకొన వీలుకాదు.

కడపట అన్నిటికంటె తేలికగ నడచువారిని స్మరింతము. ప్రతిసంవత్సరము కేస్లాపురపు నాగోబా పూజకై మెస్రం వంశపు గోండులు కాలినడకను గోదావరికి పోయి, జన్నారము ప్రాంతమున హస్తినమడుగులో జలము ముంచుకొని, ఝరిని ఎత్తుకొని తిరిగి వత్తురు. పుష్యమాస అమావాస్యకు పూజ. ఆ తిథికి ముందు కేస్లాపురమున మఱ్ఱిచెట్ల క్రింద వారి విడిది. పుష్యమాసపు చలిలో చెట్టు వారి డేరా, నెగడు వారి దుప్పటి. వారు మోయు బరువు దేవుని నీరొక్కటే. ఆ మఱ్ఱిచెట్టును నాటి, నఱకక కాపాడిన తాతలే వారి గుడారమును ముందుగ పంపినవారు. పాదుషా రెండవజత డేరాలకంటె ఈ యేర్పాటు ఎంత మేలో చూడుడు. దీనిని మోయుటకు వెట్టివాడు అక్కఱలేదు.

గ్రామపెద్దలారా! మీకు చేయు విన్నపములు రెండు. మీ ఊరిలో గొంగడి నేయువారొక్కరు మిగిలియున్నను వారి యొద్ద ఒక పిల్లవానిని కూర్చుండబెట్టి ఆ పని నేర్పింపుడు. మీ ఊరి దారిప్రక్కన చెట్టు లేనిచోట ఒక మఱ్ఱినో, రావినో నాటింపుడు. దౌరా డేరాలు మోసిన తాతల సంగతి తెలిసినవారుండిన వారి నోట విని పిల్లలచే వ్రాయింపుడు. అది మూడవ విన్నపమైనను మన్నింపుడు. ఎవరి నీడను వారు మోయుటయు, అందఱి నీడను అందఱు పెంచుటయు నేర్చిన ఊరికి బాటసారి భయపడడు.

సెలవు.